మద్యం తాగి బండి నడుపుతూ గాయపడిన వ్యక్తికి పరిహారంలో ఎంత కోత పడాలి? ఒక మోటారు ప్రమాద కేసు పరిశీలన

మోటారు ప్రమాదాల పరిహారం కేసుల్లో సాధారణంగా మనం మాట్లాడుకునే తాగుబోతు డ్రైవరు అవతలి పక్షంలో ఉంటాడు. ఈ కేసులో మాత్రం తాగి బండి నడిపిన వ్యక్తే పిటిషనరు, నా క్లయింటు. గుంటూరు ప్రాంతంలో పిటిషనర్ల తరఫున వాదించే న్యాయవాదిగా ఇలాంటి కేసులు నాకు అరుదుగానే వస్తాయి. వచ్చినవాటిలో చాలా వరకు ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన చిన్న మొత్తంతో ముగిసిపోతాయి. ఇది చివరి దాకా నడిచింది కాబట్టి, చట్టం ఎక్కడ ఆగుతుందో, వాదన ఎక్కడ మొదలవుతుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఊళ్లు, పేర్లు వదిలేశాను. పరిహారం లెక్కలు మాత్రం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డులో, అంటే పరిహార తీర్పులో, ఉన్నవే.

2023 జనవరిలో, సంక్రాంతి దాటిన వారంలో, 34 ఏళ్ల తాపీ మేస్త్రి ఒకాయన బంధువుల ఇంట్లో భోజనం ముగించుకుని, బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని మోటారు సైకిలు మీద ఇంటికి బయలుదేరాడు. రాత్రి పదిన్నర ప్రాంతంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద గుంటూరు, చిలకలూరిపేట మధ్య దీపాలు లేని ఒక చోట, పంక్చరై ఎడమ లేనులోనే నిలిచిపోయిన లారీ వెనక భాగాన్ని బండి ఢీకొట్టింది. మేస్త్రి కుడి కాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్ల తర్వాత మోకాలి కింద భాగాన్ని తీసేయక తప్పలేదు. బావమరిదికి భుజం ఎముక విరిగింది. మేస్త్రికి లైసెన్సు ఉంది, తలపై హెల్మెట్ లేదు.

ఆసుపత్రిలో రాసిన కేస్ షీటులో నోటి నుంచి మద్యం వాసన వస్తోందన్న మాట ఉంది. ఆ ఒక్క మాటే ఉండి ఉంటే నా పని తేలికయ్యేది. వాసన, తూలడం, మాట తడబడటం వంటి లక్షణాలను బట్టి మాత్రమే ఒక మనిషి మద్యం మత్తులో ఉన్నాడని తేల్చలేమని 1971లోనే సుప్రీం కోర్టు ఒక క్రిమినల్ కేసులో చెప్పింది. అయితే ఇక్కడ పోలీసుల కోరిక మేరకు అర్ధరాత్రి దాటాక ఒంటి గంటా పదిహేను నిమిషాలకు రక్తం కూడా తీశారు. ల్యాబు నివేదిక ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 64 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అనుమతించే పరిమితి 30 మిల్లీగ్రాములు. 2019 సవరణ తర్వాత ఆ సెక్షన్ కింద బ్రెత్ ఎనలైజర్ పరీక్ష ఒక్కటే కాకుండా ల్యాబు పరీక్ష కూడా చెల్లుతుంది. పోలీసులు లారీ డ్రైవరుపై ఐపీసీ 283, 338 సెక్షన్ల కింద చార్జిషీటు వేశారు, మేస్త్రిపై 185 కింద వేరే కేసు పెట్టారు. నన్ను కలవడానికి ముందే ఆయన మేజిస్ట్రేటు కోర్టులో నేరం ఒప్పుకుని 10,000 రూపాయల జరిమానా కట్టి వచ్చాడు.

ఆ సంగతి నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే. పిటిషను వేయడానికి 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆరు నెలల గడువు దాటిపోతుందన్న తొందరలో, మా ఆఫీసులో ప్రతి పిటిషనులోనూ పడే వాక్యమే ఇందులోనూ పడింది: పిటిషనరు తన ఎడమ పక్కన, నిదానంగా, జాగ్రత్తగా బండి నడుపుతుండగా అని. లారీ ఇన్సూరెన్సు కంపెనీ తన కౌంటరుతో, అంటే జవాబు పత్రంతో, పాటు రక్త పరీక్ష నివేదికను, మేజిస్ట్రేటు కోర్టు తీర్పు నకలును దాఖలు చేసినప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు. మర్నాడు మేస్త్రిని పిలిపించి అడిగితే, "ఎవరూ అడగలేదు కదా సార్, ఫైను కట్టేశాం కాబట్టి అయిపోయిందనుకున్నా" అన్నాడు. ఆయన దాచాలని దాచలేదు. అయినా చీఫ్ ఎఫిడవిట్, అంటే సాక్షిగా ఆయన ఇచ్చే మొదటి వాంగ్మూలం, ఆ పాత వాక్యంతోనే వెళ్లి ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో తాగిన విషయం కంటే అబద్ధం చెప్పిన విషయమే మమ్మల్ని ఎక్కువగా దెబ్బతీసేది. అందుకే పిటిషను సవరణకు దరఖాస్తు పెట్టి, మద్యం తాగిన మాట, జరిమానా కట్టిన మాట మేమే రాశాం. అనుభవం ఉన్న మిత్రులు కొందరు ఇది ఆత్మహత్యతో సమానమన్నారు. నేను అలా అనుకోలేదు. రుజువైన విషయం మీద పోరాడి ఓడితే, రుజువు కాని విషయాన్ని కూడా జడ్జి మన మీద నమ్మకం లేక మనకు వ్యతిరేకంగానే తీసుకుంటారు.

కంపెనీ వాదన మూడు మెట్లుగా సాగింది. మొదటి మెట్టు: నేరం చేస్తూ గాయపడిన మనిషికి ఆ నేరం నుంచి పుట్టిన నష్టానికి పరిహారం అడిగే హక్కే లేదు. రెండోది: చట్టంలోని 150వ సెక్షన్ మద్యం మత్తులో బండి నడపడాన్ని ఇన్సూరెన్సు కంపెనీకి అనుమతించిన మినహాయింపుల్లో చేర్చింది కాబట్టి తమకు బాధ్యత లేదు. మూడోది: ఇవేవీ కాకపోయినా కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ కింద, అంటే ప్రమాదంలో పిటిషనరు వంతు నిర్లక్ష్యం కింద, కనీసం సగం కోత వేయాలి.

రెండో మెట్టు మీద ఎక్కువ సేపు ఆగనక్కర్లేదు. ఆ సెక్షన్‌లో 2019 సవరణతో చేరిన మద్యం మాట, ఇన్సూరెన్సు చేసిన వాహనాన్ని నడిపిన డ్రైవరుకు సంబంధించినది. ఇక్కడ పాలసీ ఉన్నది లారీకి, లారీ డ్రైవరు మద్యం తాగలేదు. తాగినవాడు ఆ పాలసీ దృష్టిలో మూడో వ్యక్తి. 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును కూడా కంపెనీ న్యాయవాది చూపించారు. అది 2007లో ఢిల్లీలో ప్రమాదానికి గురైన పోర్షే కారు యజమాని తన సొంత కారు నష్టం కోసం తన సొంత ఇన్సూరెన్సు కంపెనీని అడిగిన కేసు. రక్త పరీక్ష లేకపోయినా ఇతర సాక్ష్యాలతో మత్తును రుజువు చేసి, పాలసీ షరతు కింద కంపెనీ తప్పించుకోవచ్చని కోర్టు అక్కడ చెప్పింది. ఒప్పందంలో రాసుకున్న షరతుకు, రోడ్డు మీద అపరిచితుడి నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి మధ్య తేడా చూపించగానే ట్రిబ్యునల్ ఆ అంశాన్ని పక్కన పెట్టింది.

మొదటి మెట్టే అసలైన ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రపంచంలో కొన్ని చోట్ల శాసనకర్తలు నిజంగానే ఈ దారిలో నడిచారు. కాలిఫోర్నియాలో 1996 నవంబరులో ఓటర్లు ప్రపోజిషన్ 213ను ఆమోదించారు. దాని ప్రకారం మద్యం మత్తులో బండి నడుపుతూ గాయపడి, ఆ నేరానికి శిక్ష పడిన వ్యక్తి, అవతలి వాహనం తప్పు ఎంత ఉన్నా సరే, బాధ, వేదన, జీవితంలో కోల్పోయిన సుఖం వంటి ఆర్థికేతర నష్టాలకు ఒక్క డాలరు కూడా రాబట్టలేడు. వైద్య ఖర్చులు, పోయిన ఆదాయం మాత్రం అడగవచ్చు. మిచిగన్ రాష్ట్రం ఇంకో పద్ధతి ఎంచుకుంది. గాయపడిన వ్యక్తి మత్తు వల్ల ప్రమాదానికి 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ కారకుడైతే అతని దావా పూర్తిగా పోతుంది, అంతకంటే తక్కువైతే అతని శాతం మేరకు తగ్గుతుంది. ఆ రెండు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఇక్కడి అలవాటు కొద్దీ అక్కడా ట్రిబ్యునల్ చూసుకుంటుందిలే అనుకునే బంధువులు నాకు ఫోను చేస్తూనే ఉంటారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

ఈ రెండు పద్ధతుల మధ్య తేడాను ట్రిబ్యునల్ ముందు వివరంగానే వాదించాను. మిచిగన్ చట్టం కఠినమైనదే, కానీ అది కారణం అడుగుతుంది: మత్తు వల్ల ప్రమాదంలో ఇతని వంతు ఎంత అని. కాలిఫోర్నియా నియమం ఆ ప్రశ్న అడగదు. శిక్ష పడిందా లేదా అన్నదే చూస్తుంది. రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని నిలబడ్డ తాగిన మనిషిని వెనక నుంచి ఎవరో ఢీకొట్టినా అతనికి బాధ తాలూకు పరిహారం రాదు. శిక్షించడం క్రిమినల్ కోర్టు పని, మన మేస్త్రి ఆ శిక్ష అనుభవించాడు. అదే నేరానికి రెండోసారి, కోల్పోయిన కాలు ధరలో నుంచి జరిమానా వసూలు చేసి, దాన్ని లారీ యజమాని ఇన్సూరెన్సు కంపెనీకి లాభంగా వదిలేయడం న్యాయం కాదు. మన పార్లమెంటు ఆ నిషేధం రాయలేదు. 168వ సెక్షన్ న్యాయమైన పరిహారం నిర్ణయించమంటుంది. పార్లమెంటు రాయనిదాన్ని ట్రిబ్యునల్ రాయకూడదు. జడ్జిగారు ఈ వాదనను అంగీకరించారు.

అయితే మన చట్టంలోనూ పరిమితులు లేకపోలేదు, అవి వేరే చోట ఉన్నాయి. ఆ రాత్రి అక్కడ లారీ లేకుండా, మేస్త్రి తనంతట తానే అదుపు తప్పి డివైడరుకు కొట్టుకుని ఉంటే అవతలివాడి తప్పు చూపించి పరిహారం అడిగే 166వ సెక్షన్ కింద అతనికి ఏమీ వచ్చేది కాదు. తన సొంత నిర్లక్ష్యంతో ప్రాణం పోగొట్టుకున్న డ్రైవరు కుటుంబం ఆ వాహనం ఇన్సూరెన్సు కంపెనీ నుంచి పరిహారం అడగడానికి వీల్లేదని 2025 జూలైలో సుప్రీం కోర్టు మరోసారి స్పష్టం చేసింది. బండి యజమాని తానే నడిపేటప్పటి కోసం తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా మత్తులో ఉన్నవారికి వర్తించదు. ఇది తెలియక ఎన్ని కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతున్నాయో చూస్తే బాధేస్తుంది. కేసు తీసుకునే ముందే న్యాయవాది ఈ మాట చెప్పేయాలి.

ఇక మూడో మెట్టు, అసలు పోరాటం. 64 మిల్లీగ్రాములు ప్రమాదం జరిగిన రెండు గంటలా నలభై ఐదు నిమిషాల తర్వాతి లెక్క అనీ, శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆల్కహాలును తగ్గించుకుంటుంది కాబట్టి ప్రమాద సమయంలో 100 దాటి ఉంటుందనీ కంపెనీ న్యాయవాది వాదించారు. చివరి గ్లాసు ఎప్పుడు తాగాడన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. కడుపులో ఉన్న మద్యం ఇంకా రక్తంలోకి చేరుతుండగానే ప్రమాదం జరిగితే అసలు సంఖ్య అంతకంటే తక్కువే ఉండవచ్చు. ఆ ఒక్క మాట చెప్పి, మిగతా లెక్కకు నేను అడ్డు చెప్పలేదు. నా ప్రశ్న వేరు. వంద ఉన్నా సరే, ఆ మత్తు ప్రమాదంలో ఏ పని చేసింది?

2020 జనవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పు నాకు ఆధారం. మోటారు సైకిలు మీద ముగ్గురు ప్రయాణించడం చట్ట ఉల్లంఘనే అయినా, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ, లేదా ఉల్లంఘనకూ గాయం తీవ్రతకూ సంబంధం చూపించకుండా కోత వేయరాదని కోర్టు అందులో చెప్పింది. లైసెన్సు లేకపోవడం గురించి 2008లో చెప్పిందీ ఇలాంటిదే. హెల్మెట్ విషయం ఇక్కడే తేలిపోయింది. గాయం కాలికి తగిలింది, తలకు కాదు. హెల్మెట్ లేనందుకు పది శాతం కోయమన్న కంపెనీ కోరికను ట్రిబ్యునల్ ఒక్క వాక్యంలో తోసిపుచ్చింది.

మద్యం అలా కాదు. అది నేరుగా డ్రైవరు చూపు మీద, చేతుల మీద పనిచేస్తుంది. సంబంధమే లేదని వాదిస్తే నమ్మేవాళ్లుండరు, నేనూ నమ్మను. కాబట్టి ప్రశ్నను రెండుగా విడగొట్టాం. తాగని మనిషి అదే వేగంతో, అదే చోట వస్తే ఏం జరిగేది? తాగడం వల్ల అదనంగా ఏం జరిగింది?

లారీ డ్రైవరు క్రాస్‌లో చెప్పిన జవాబులు ఇక్కడ కీలకమయ్యాయి. లారీ వెనక చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టానని ఆయన చీఫ్‌లో చెప్పాడు. పంచనామాలో కొమ్మల ప్రస్తావన లేదు, ఫొటోల్లో లేవు, రఫ్ స్కెచ్‌లో లేవు. పార్కింగ్ లైట్లు వేశానన్నాడు. ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టులో వెనక ఎడమ లైటు ప్రమాదంలో పగిలిందనీ, కుడి లైటు వైరు తుప్పు పట్టి ఉందనీ రాసి ఉంది. రిఫ్లెక్టరు టేపు మట్టితో కప్పుకుపోయి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 109వ నియమం, రోడ్డు మీద ఆపి ఉంచిన వాహనానికి కూడా పార్కింగ్ లైట్లు వెలుగుతూనే ఉండాలంటుంది. ప్రమాదకరమైన చోట వాహనం వదలకూడదని చట్టంలో 122వ సెక్షనే ఉంది. పక్కనే లారీ పట్టేంత మట్టి మార్జిన్ ఉన్నా ఎందుకు దించలేదని అడిగితే, పంక్చరైన టైరు పాడైపోతుందని అన్నాడు. ఆ జవాబును జడ్జిగారు అవార్డులో యథాతథంగా రాశారు.

తర్వాత ఒక చిన్న లెక్క వేసి చూపించాను. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డిమ్ లైటులో, మట్టి పట్టిన లారీ వెనక భాగం 30 మీటర్ల దూరంలో కనిపించిందనుకుందాం. తాగని మనిషి చూసి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే అప్పటికే 21 మీటర్లు గడిచిపోతాయి. మిగిలిన 9 మీటర్లలో గట్టిగా బ్రేకు పట్టినా బండి ఆగదు, సుమారు 36 కిలోమీటర్ల వేగంతో లారీని తాకుతుంది. మత్తు వల్ల ఇంకో అర సెకను ఆలస్యమైందనుకుంటే బ్రేకు పనిచేయడానికి రెండు మీటర్లే మిగులుతాయి, తాకే వేగం సుమారు 47. రఫ్ స్కెచ్‌లో బ్రేకు గీత పొడవు రెండు మీటర్లని ఉండటం ఈ రెండో లెక్కతో సరిపోయింది. అది నా క్లయింటుకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం, అయినా నేనే చూపించాను. మత్తు ఢీకొనడాన్ని పుట్టించలేదు, దాని తీవ్రతను పెంచింది అన్నదే నా వాదన, ఆ గీత లేకుండా ఆ వాదన సగమే నిలబడుతుంది.

నిపుణుడి సాక్ష్యం లేకుండా ఈ లెక్కలు చెల్లవని కంపెనీ న్యాయవాది అభ్యంతరం చెప్పారు. ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం నిజంగా బలమైనది: కనిపించే దూరంలో ఆగలేని వేగంతో రాత్రిపూట వెళ్లడమే నిర్లక్ష్యం, తాగినా తాగకపోయినా. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. హైవే మీద 50 ఎక్కువ వేగమేమీ కాదని, అడ్డం లేని లేనులో చీకట్లో లారీ నిలబడి ఉంటుందని ఎవరూ ఊహించరని మాత్రమే చెప్పగలిగాను. జడ్జిగారు నా అంకెలను సాక్ష్యంగా తీసుకోలేదు గానీ వాదనను పరీక్షించే పద్ధతిగా పరిగణించారు. చివరికి వేగాన్నీ, మత్తునూ కలిపి పిటిషనరు వంతు నిర్లక్ష్యం 30 శాతమని, లారీ డ్రైవరు వంతు 70 శాతమని తేల్చారు.

పరిహారం లెక్క ఇలా వచ్చింది. ఆదాయ రుజువు లేనందున నెలకు 15,000 రూపాయలు తీసుకున్నారు. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి పొందేవారికి 2017 రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రకారం భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000 అయింది. మెడికల్ బోర్డు 60 శాతం వైకల్యమని ధ్రువీకరించింది. కానీ సారవ మీద నిలబడి పనిచేసే మేస్త్రికి కాలు పోవడం వల్ల పనిలో కలిగే నష్టం అంతకంటే ఎక్కువన్న మా వాదనతో ట్రిబ్యునల్ దాన్ని 75 శాతంగా లెక్కించింది. 34 ఏళ్ల వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చించే అంకె, 16. అలా ఆదాయ నష్టం 30,24,000 రూపాయలు. దానికి వైద్య ఖర్చులు 2,85,000, కృత్రిమ కాలికి, దాన్ని మార్చుకోవడానికి 3,00,000, చికిత్స కాలంలో పోయిన కూలి 90,000, మనిషి సాయానికి, రాకపోకలకు 60,000, బాధకు 1,50,000, జీవితంలో కోల్పోయిన సౌకర్యాలకు 1,50,000 కలిపితే మొత్తం 40,59,000. అందులో 30 శాతం, అంటే 12,17,700 పోగా, 28,41,300 రూపాయలు వడ్డీతో చెల్లించాలని అవార్డు వచ్చింది. సగం కోత పడి ఉంటే చేతికి వచ్చేది 20,29,500. ఆ ఎనిమిది లక్షల పైచిలుకు తేడా అంతా బ్రేకు గీత మీద, తుప్పు పట్టిన వైరు మీద నిలబడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కేసు మొదట్లో, తాగి ఉన్నావు కాబట్టి నీకు ఏమీ రాదు, 164వ సెక్షన్ కింద తప్పు రుజువుతో పనిలేకుండా వచ్చే రెండున్నర లక్షలు తీసుకుని ఊరుకో అని మేస్త్రికి చాలామంది చెప్పారు. కాలు పోయిన మనిషికి, చేసిన తప్పుకు సిగ్గుపడుతున్న మనిషికి, ఆ సలహా ఎంత సులువుగా నచ్చుతుందో నేను చూశాను. తాగి బండి నడపడాన్ని నేను ఏ కోణంలోనూ సమర్థించను. ఆ రాత్రి లారీ బదులు రోడ్డు దాటుతున్న ఎవరో ఉండి ఉంటే ఈ కేసులో నేను అవతలి పక్షాన ఉండేవాణ్ని. కానీ చీకట్లో లైట్లు లేకుండా లారీని హైవే మీద వదిలేసినవాడి బాధ్యత, వెనక వచ్చినవాడు తాగి ఉన్నాడన్న కారణంతో మాయం కాకూడదు.

బావమరిది పిటిషను కూడా దీనితో పాటే విచారణకు వచ్చింది. ఆయన బండి నడపలేదు కాబట్టి ఆయన విషయంలో ఇద్దరు డ్రైవర్లదీ ఉమ్మడి నిర్లక్ష్యం. అలాంటప్పుడు గాయపడినవాడు పూర్తి పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీం కోర్టు చెప్పి ఉంది. తాగినవాడి వెనక తెలిసే కూర్చున్నాడు కాబట్టి ఆయనకూ కోత వేయాలని కంపెనీ అడిగింది. బావ తాగిన సంగతి తనకు తెలుసని ఆయన క్రాస్‌లో నిజాయితీగానే ఒప్పుకున్నాడు. అయినా ఆయన అలా కూర్చోవడం ప్రమాదానికి కారణం కాలేదని చెప్పి ట్రిబ్యునల్ ఏ కోతా వేయలేదు. ఈ అంశం మీద మరో ట్రిబ్యునల్ మరోలా చెప్పినా నాకు ఆశ్చర్యం ఉండదు. ఇలాంటి కేసు చేసేవాళ్లు వెనక కూర్చున్న వ్యక్తిని సాక్షిగా పంపే ముందు ఈ ప్రశ్నకు సిద్ధం చేయాలి.

అవార్డు వచ్చాక మేస్త్రితో కూర్చుని అప్పీలు గురించి మాట్లాడాను. 173వ సెక్షన్ కింద 90 రోజుల గడువు ఉంది, 30 శాతాన్ని 20కి తగ్గించమని హైకోర్టును అడగవచ్చు. అయితే మనం వెళ్తే కంపెనీ క్రాస్ అబ్జెక్షన్స్, అంటే తన వైపు ఎదురు అభ్యంతరాలు, వేస్తుంది, 75 శాతం వైకల్యం లెక్క మళ్లీ ప్రశ్నలోకి వస్తుంది, డబ్బు ఏళ్ల తరబడి ఆగిపోవచ్చు. వెళ్లవద్దనే సలహా ఇచ్చాను. కంపెనీ గడువు లోపలే మొత్తం డిపాజిట్ చేసింది. ట్రిబ్యునల్ అందులో సగాన్ని మేస్త్రి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, మిగతాది విడుదల చేసింది. విడుదలైన డబ్బులో మొదటి ఖర్చు కృత్రిమ కాలికి అయింది. మా ఆఫీసులో ఇప్పుడు కొత్త కేసు కాగితాలు తీసుకునే రోజే, ఎఫ్.ఐ.ఆర్. చూడకముందే, ఆ రోజు మద్యం తాగారా, రక్తం తీశారా, ఏ కోర్టులోనైనా జరిమానా కట్టారా అని అడిగి, జవాబు రాసుకుని, క్లయింటు సంతకం తీసుకుంటున్నాం.